ఒక్కసారే వేసుకుంది

గోదావరి జిల్లాల్లో ఓణీల ఫంక్షన్‌కి కుట్టించిన పట్టు లంగాని ఆడపిల్ల ఒక్కరోజు వేసుకుంటుంది. ఆ తర్వాత పదిహేనేళ్లు బీరువా వేసుకుంటుంది. పాత పంచె ముక్కలో చుట్టి పై అరలో పెడతాం. ఏడాదికోసారి తీసి మడత మార్చాలి. మార్చకపోతే మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. కలరా ఉండలు తగిలితే జరీ నల్లబడుతుంది. ఇన్ని సేవలు చేయించుకుని కూడా ఆ లంగా మళ్లీ గడప దాటదు. పిల్ల ఎదిగిపోతుంది. చెల్లెలుంటే "అక్కది నాకెందుకు, నా ఫంక్షన్‌కి నాది నాకు కావాలి" అంటుంది. ఆఖరికి ఓ మధ్యాహ్నం వీధిలోకి స్టీలు సామాన్లావిడ వస్తే, నలభై వేల లంగాకి మూతున్న డబరా ఒకటి వస్తుంది. ఆ డబరాకి కూడా బేరమాడి ఓ గరిటె అదనంగా పుచ్చుకున్నవాళ్లు మా దానవాయిపేటలో ఉన్నారు. పేర్లు చెప్పను.

దీనికి ఇంకో దారి ఉందన్నది మా చెల్లెలి మనవరాలు. న్యూజెర్సీ పిల్ల. కిందటి వేసవిలో రాజమండ్రి వచ్చి, మామిడి తాండ్ర కోసం మా బీరువా తెరిచి, తాండ్ర సంగతి మర్చిపోయి నిలబడిపోయింది.

"పెద్దమ్మమ్మా, ఇవన్నీ ఎవరివి?"

"మీ అమ్మది ఒకటి, మీ పిన్నిది ఒకటి, ఆ కిందిది మా అమ్మాయిది."

"ఎవరూ వేసుకోరా? మరి ఇచ్చేయరా ఎవరికైనా?"

అమెరికాలో హైస్కూలు చదువు ముగిసేముందు ప్రామ్ అని ఓ విందూ డాన్సూ ఉంటాయట. దానికి నేలమీద జీరాడే గౌను కావాలి. కొనుక్కోలేని పిల్లల కోసం ఒకసారి వాడిన గౌన్లు పోగుచేసి ఉచితంగా ఇచ్చే సంఘాలు అక్కడ చాలా ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రిన్సెస్ ప్రాజెక్ట్ అనేది 2002లోనే మొదలైంది. ఈ పిల్ల కూడా వాళ్ల స్కూల్లో గౌన్లు పోగుచేసిందట. మనవాళ్లేం తక్కువ తినలేదని నేనూ నాకు తెలిసింది చెప్పాను. ఢిల్లీలో అంశు గుప్తా 1999లో సొంత ఇంట్లోని 67 బట్టలతో గూంజ్ మొదలుపెట్టి, 2015లో రామన్ మెగసెసె అవార్డు దాకా వెళ్లారు. కేరళలో మలప్పురం వైపు తూత అనే ఊళ్లో ఒకాయన పేద పెళ్లికూతుళ్ల కోసం పెళ్లిబట్టల బ్యాంకే పెట్టాడు.

"మరి రాజమండ్రిలో?" అంది.

రాజమండ్రిలో మామిడి తాండ్ర ఉంది, తినమన్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. ఫేర్‌వెల్ జ్వరం సంగతి నాకు తెలుసు.

ప్రభుత్వ బడిలో పదో తరగతి దాకా బట్టలకి బెంగలేదు. 2020 నుంచి కిట్టులో మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు, సంచీ ఇస్తున్నారు. ప్రభుత్వం మారితే కిట్టు పేరు మారుతుంది, గుడ్డ రంగు మారుతుంది, ఇవ్వడం మాత్రం మానలేదు. ఇంటర్‌లో కూడా కాలేజీ యూనిఫాంతో రోజులు గడిచిపోతాయి. రోజూ అందరూ ఒకటే. చిక్కల్లా యూనిఫాం వేసుకురావద్దని చెప్పే ఆ ఒక్కరోజుతోనే. ఫిబ్రవరిలో, పబ్లిక్ పరీక్షలకి ముందు, ఆడపిల్లలంతా పట్టు లంగా ఓణీల్లోనో, అమ్మ పట్టుచీరల్లోనో దిగుతారు. ఆవేళ ప్రతి సెక్షన్లోనూ కొంతమందికి జ్వరం వస్తుంది. మర్నాటికల్లా తగ్గిపోతుంది. హాజరు పట్టీలో ఆ పేర్లు ఏటేటా చూసీ చూసీ, ఏ పిల్లకి వస్తుందో ముందే చెప్పగలిగేదాన్ని.

తాడితోట హోల్‌సేల్ మార్కెట్లో చవకలో చీరలు దొరకవా అని మీరడగొచ్చు. దొరుకుతాయి. బ్రహ్మాండంగా దొరుకుతాయి. ద్వారపూడి వెళ్తే ఇంకా నయం. కానీ తాడితోట చీర తాడితోట చీరేనని, మెరుపు జరీ మెరుపు జరీయేనని పదహారేళ్ల పిల్లకి వందగజాల దూరం నుంచి తెలుస్తుంది. చూసే తోటిపిల్లకి రెండువందల గజాల నుంచి తెలుస్తుంది.

అలా, ఒకసారి వేసుకున్న బట్టలు పోగుచేసి అవసరమైన పిల్లలకి ఇవ్వడానికి మా పై వాటాలో ఓ గది ఖాళీ చేశాం. నేనూ, ఎదురింటి టీచరుగారూ, కుట్టుమిషను పెట్టుకున్న వీధి చివరి అమ్మాయీ, ఇంకా ఇద్దరు ముగ్గురూ. సంఘం అని పేరు పెట్టలేదు, బోర్డు కట్టలేదు.

మా అత్తగారు మాత్రం మొదట్నుంచీ పెదవి విరిచారు. ఆవిడది కోనసీమ. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కొబ్బరిచెట్లు పడిపోతుంటే ఇంట్లో కూర్చుని లెక్కపెట్టిన మనిషి. ఆ తర్వాత ఊళ్లోకి లారీల మీద వచ్చిన పాతబట్టల మూటలు ఆవిడ మర్చిపోలేదు. "నా వాటాకి ఉన్ని స్వెట్టరు వచ్చిందే తల్లీ! కోనసీమలో! ఇంకోడికి ఒంటికాలు ప్యాంటు వచ్చింది," అంటారు. ఆవిడ అతిశయోక్తి అలా ఉంచితే, ఇచ్చేవాళ్ల తీరు అంతేనన్నది నిజం. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన జనం తీసుకోకుండా వదిలేసిన బట్టలు గుట్టలు పడి ఉంటే, గూంజ్ వాళ్లే వాటిని ఏరి వేరుచేశారు.

"దీనికో గది, రిజిస్టరు కూడానా? మా రోజుల్లో ఇదంతా రేవు దగ్గరే జరిగిపోయేది," అన్నారు ఇంకోరోజు. అత్తగార్ల మాటల్లో సగం వినకపోవడం ఇల్లు నడవడానికి మంచిదని, ఏం జరిగిపోయేదో నేను అడగలేదు.

మగపిల్లల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాలిటెక్నిక్ పిల్లలకి క్యాంపస్ ఇంటర్వ్యూకి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, నల్లబూట్లు కావాలి. మాకు వచ్చినవేమో రిసెప్షన్ సూట్లు. ఇచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "నేను సన్నగా ఉన్నప్పటిదండి." అన్నీ మెరూన్ రంగువే. ఆ ఏడాది రాజమండ్రి పెళ్లికొడుకులందరికీ ఒకే టైలరు దొరికినట్టున్నాడు. ఆ సూటు వేసుకుని ఉద్యోగానికి వెళ్తే పెళ్లిచూపులకి వచ్చాడనుకుంటారని పిల్లలు దణ్ణం పెట్టేశారు. చొక్కాలు మాత్రం చెల్లిపోయాయి.

గోడమీద చార్టు పేపరు అంటించి, స్కెచ్ పెన్నుతో రెండు మాటలు రాశాం. ఎవరిచ్చారో తీసుకునేవాళ్లకి చెప్పకూడదు. ఎవరు తీసుకున్నారో ఇచ్చినవాళ్లకి చెప్పకూడదు. గదిలో ఇచ్చినవాళ్లూ తీసుకునేవాళ్లూ ఎదురుపడ్డా సరే, నోరు విప్పకూడదు. చిన్న ఊళ్లో ఈ మాత్రం తెర లేకపోతే కష్టం. దేవీచౌక్‌లోనో కంబాలచెరువు దగ్గరో ఆ లంగా కనిపించినప్పుడల్లా ఇచ్చినావిడ చూపు దాని వెనకే పోతుంది. ఆ పిల్లకి ఒంటిమీద బట్ట ఉండీ లేనట్టే.

ఈ నియమం వదినగారికి నచ్చలేదు.

వదినగారంటే నాకు వరసకి కాదు, వీధికి వదినగారు. వాళ్లకి ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్నాయి, ఇక్కడ మూడంతస్తుల ఇల్లుంది. మనసు మంచిదే, కానీ ఆ మంచితనం పదిమందికీ తెలియకపోతే నిద్రపట్టని మనిషి. కూతురి ఓణీల ఫంక్షన్ 2024 ఫిబ్రవరి 18 ఆదివారం చేశారు. తారీఖు నాకెలా గుర్తుందంటారా? కోటిపల్లి బస్టాండు నుంచి మోరంపూడి దాకా పెట్టిన ఫ్లెక్సీలు ఎండకి వెలిసిపోయేదాకా దించలేదు. పిల్ల పువ్వుల పల్లకీలో వచ్చింది. మేనమామ తెచ్చిన ఓణీ వెనక అరవై రకాల స్వీట్లు పళ్లేల్లో నడిచొచ్చాయి.

ఆ లంగా తీసుకుని, ఆల్బమ్ కూడా పట్టుకుని వచ్చారు. ఆల్బమ్ అట్ట మీద కూడా బంగారు అక్షరాల్లో అదే తారీఖు.

లంగా నిజంగా గొప్పది. కంచిపట్టు, రాణీ రంగు, జానెడు చిలకాకుపచ్చ అంచు, జాకెట్టు నిండా మగ్గం వర్కు. గదిలో మిగతా బట్టలన్నీ ఒక్కసారి చిన్నబోయాయి.

"ఒక్కసారే వేసుకుందండి. కొత్తదే అనుకోండి," అన్నారు వదినగారు.

"మరి దాచుకోకూడదా, మళ్లీ ఏ పెళ్లికో..."

"మళ్లీనా? ఇన్‌స్టాలో పెట్టేసిందిగా! ఒకసారి ఫోటో పెట్టేశాక మళ్లీ అదే వేసుకుంటే పాతదంటారట ఫ్రెండ్సు. ఈ కాలం పిల్లలండి, ఏం చేస్తాం."

కుట్టుమిషను అమ్మాయి జాకెట్టు తిరగేసి చూస్తోంది. "పక్క కుట్లు ఓసారి లోపలికి పట్టి మళ్లీ వదిలినట్టున్నారండి. రెండు రకాల దారం కనపడుతోంది."

"బొటిక్ వాళ్లండి! వేలకి వేలు తీసుకుంటారు, దారం కూడా సరిగ్గా చూసుకోరు. ఆ ఫంక్షన్‌కి నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు. నెలరోజుల ముందే కుట్టించి పెట్టుకున్నానా? కుచ్చిళ్లు కుదురుగా నిలవాలని ఇస్త్రీకి పంపితే, పదిరోజులు ఇవ్వలేదు మహాతల్లి. జ్వరమని ఓసారి, కరెంటు లేదని ఓసారి. ఆవిడది బొగ్గుల పెట్టె, కరెంటుతో ఆవిడకేం పని? ముందురోజు సాయంత్రం మా డ్రైవరు బండి దగ్గరే కూర్చుని పట్టుకొచ్చాడు."

తర్వాత వదినగారి షరతులు మొదలయ్యాయి. మంచి కుటుంబంలో పిల్లకివ్వాలి. మంచి అంటే ఏమిటో చెప్పలేదు, చెప్పకుండానే మాకందరికీ అర్థమైంది, నాకు కోపమూ వచ్చింది. కట్‌చేసి జాకెట్లు కుట్టించుకోకూడదు. వేసుకున్న పిల్ల ఫోటో ఒకటి పంపాలి. చార్టు పేపరు చూపించాను. చదివి, "ఇదేం రూలండీ, గుడిలో ఫ్యాను ఇస్తే రెక్కల మీద కూడా పేరు రాస్తారు," అన్నారు. చివరికి ఒప్పుకున్నారు గానీ, వారం వారం వచ్చి లంగా వెళ్లిందా లేదా అని చూసుకునేవారు. వెళ్లలేదు. వచ్చిన పిల్లల్లో ఒకరికి నడుం చాలలేదు, ఒకరికి పొడవు చాలలేదు, ఒక పిల్ల అద్దంలో చూసుకుని "ఇది మరీ ఎక్కువైపోతుందండి" అని భయపడి విప్పేసింది.

మా గది బట్టలకి ఇస్త్రీ చేసేది వీధి మలుపులో బండి పెట్టుకున్నావిడే. వీధి వీధంతా ఆవిడ పెట్టె కిందే సాపవుతుంది. మేం డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "పిల్లల కోసం కదమ్మా, బొగ్గులకిచ్చెయ్యండి చాలు," అంది. ఆవిడకో కూతురుంది, ఇంటర్ రెండో ఏడు. ఆ పిల్ల కోసం ఏమైనా చూసుకోమని నేను ఒకటికి రెండుసార్లు చెప్పాను.

ఆవిడ నవ్వేది. "మాకు బట్టలకేం లోటమ్మా."

అభిమానం గల మనిషి అనుకున్నాను. ఎదురింటి టీచరుగారితో ఆ మాట మెచ్చుకుంటూ చెప్పాను కూడా.

ఈ ఫిబ్రవరిలో, ఫేర్‌వెల్ వారంలో, గది కిటకిటలాడిపోయింది. ఆవేళ పొద్దున్న బొమ్మూరు నుంచి ఎవరో ఓ పెద్ద సంచీ పంపారు, ఇంకా విప్పనేలేదు. మూతి దగ్గర ఓ మెంతిరంగు పట్టు అంచు కనిపిస్తోంది. వదినగారు యథాప్రకారం వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రాణీ రంగు లంగా యథాప్రకారం వేలాడుతోంది. అంతలో ఇస్త్రీ మూట నెత్తిన పెట్టుకుని బండావిడ కూతురు మెట్లెక్కి వచ్చింది. తల్లికి ఒంట్లో బాగాలేదట. చామనచాయ, పొడుగు జడ, చురుకైన పిల్ల. చెమట తుడుచుకుంటూ మూట దింపింది.

"నీకు ఫేర్‌వెల్ ఎప్పుడమ్మా?" అన్నాను.

"ఎల్లుండండి."

"ఏం వేసుకుంటున్నావ్?"

ఆ పిల్ల తలొంచుకుని నవ్వింది. "ఏదోటి చూస్తానండి."

వదినగారు ఆ పిల్లని ఎగాదిగా చూశారు. వాళ్లింటి బట్టలు ఎప్పుడూ డ్రైవరే పట్టుకెళ్తాడు కాబట్టి ఈ పిల్ల ఎవరో ఆవిడకి తెలియదు, ఆవిడెవరో ఈ పిల్లకీ తెలియదు. నడుం, పొడవు, భుజాలు, అన్నీ కళ్లతోనే కొలిచేశారు. ముఖంలో ఏదో కరిగింది. షరతులన్నీ ఆ ఒక్క క్షణంలో ఎగిరిపోయినట్టున్నాయి, అందుకు ఆవిణ్ణి మెచ్చుకోవాలి. లేచి వెళ్లి, హ్యాంగరు తీసి, లంగాని రెండు చేతుల మీదా పరిచి పట్టుకొచ్చారు.

"ఇదిగో అమ్మా. ఇది నీకోసమే ఆగినట్టుంది. వేసుకో."

నేను చార్టు పేపరు వైపు చూశాను. వదినగారు చూసి, తెలుసులెండి అన్నట్టు తలూపారు. మాది అనలేదు, మా అమ్మాయిది అనలేదు. ఎంత కష్టపడి మింగారో ఆ గొంతు కదలికలో తెలిసింది.

పిల్ల లంగాని చూసింది. ముట్టుకోలేదు. "అది వద్దండి," అంది మెల్లగా.

"అదేమిటే! కంచిపట్టే! అసలు జరీయే!"

"తెల్సండి. చాలా బావుంటుందండి. అది కాక ఇంకేదైనా..."

"ఎవరో వేసుకున్నదనా నీ బాధ?" వదినగారి గొంతు కాస్త పెరిగింది. "ఒక్కసారే వేసుకుందమ్మా. ఒక్కటంటే ఒక్కసారి!"

"ఆయ్, ఒక్కసారేనండి," అంది పిల్ల, ఆవిడ తనని సమర్థించిందనుకుని, ముఖం విప్పార్చి. "మా అన్నయ్య పెళ్లికండి. భోజనాల టైముకల్లా విప్పేశానండి, మరక కూడా పడలేదు. జాకెట్టొక్కటే కొంచెం వదులైతే అమ్మ పక్కలు పట్టి, మళ్లీ విప్పేసిందండి."

గదిలో కుట్టుమిషను ఆగింది. వదినగారి రెండు చేతుల మీద లంగా అలాగే ఉంది.

"నువ్వు... ఈ లంగానే? ఏదో అలాంటిది అయ్యుంటుందిలే," అన్నాను నేను. ఆ పిల్లకి దారి చూపిద్దామనుకున్నాను.

"కాదండి, ఇదేనండి." పిల్ల ఫోను తీసింది. తెర మీద చకచకా వెనక్కి వెళ్లింది. వదినగారు దగ్గరగా ఉన్నారు కాబట్టి ఆవిడకే ముందు చూపించింది. "చూడండి, అంచు కూడా అదే."

వదినగారి భుజం మీంచి నేనూ చూశాను. తాటాకు పందిరి, అరటిబోదె, ఆ పక్కన రాణీ రంగు లంగాలో నవ్వుతున్న పిల్ల. ఆ మెరుపులో చామనచాయ మొహం దీపంలా ఉంది. కింద రెండువందల చిల్లర లైకులు. వాటి కింద తారీఖు: ఫిబ్రవరి 11, 2024.

వదినగారు నోరు తెరిచారు. గోడమీది చార్టు పేపరు వైపు చూశారు. నోరు మూసుకున్నారు.

"అంచేత వద్దంటున్నానండి," అంది పిల్ల నొచ్చుకుంటూ, ఆవిణ్ణి ఎక్కడ బాధపెట్టానోనని. "ఏమీ అనుకోకండి. ఒకసారి ఫోటో పెట్టేశాక మళ్లీ అదే వేసుకెళ్తే పాతదంటారండి మా ఫ్రెండ్సు."

తర్వాత వంగి, బొమ్మూరు సంచీ మూతిలోంచి కనిపిస్తున్న అంచుని వేలితో పైకి లాగి చూసింది.

"ఈ మెంతిరంగుది చూపిస్తారా అండీ? ఇది మా బండి మీదికి ఇంకా రాలేదు."